దూరపు ఈతలో పిక్క పట్టేస్తే: ఉప్పు కంటే ముందు పాదాన్ని చూడాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం దాదాపు తిన్నగా ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ఈది చేరుకోవడానికి ఎదురుగా దీవి లేదు, అడ్డంగా దాటడానికి జలసంధి లేదు. కాబట్టి ఇక్కడ దూరపు ఈత అంటే అలలు విరిగే చోటును దాటి లోపలికి వెళ్లి, సరుగుడు తోటలు ఒక పక్క కనిపిస్తుండగా ఒడ్డు వెంబడే గంటల తరబడి ఈదడం. మైపాడు అయినా, కొత్తకోడూరు అయినా, పాకల, కొత్తపట్నం అయినా ఇదే తీరు. ఇలాంటి ఈతలో చేతులు అలవాటుపడిన లయలో సాగిపోతూనే ఉంటాయి. ఊపిరి సరిపోతుంది. అంతా బాగున్న వేళ పిక్క ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది, లేదా అరికాలు ముడుచుకుపోయి వేళ్లు కొంకర్లు పోతాయి.

ఇలా జరగగానే చుట్టూ ఉన్నవారు చెప్పే కారణం ఒకటే: ఒంట్లో ఉప్పు తగ్గింది, నీళ్లు సరిగా తాగలేదు. ఈ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఈతగాడి పిక్క విషయంలో అది ముఖ్యమైన నిజం కాదు. గంటల తరబడి పాదాన్ని ఎలా పెట్టి ఈదారు, ఆ కండరం ఎంత అలసింది అన్నవే అసలు ప్రశ్నలు. ఈ తేడా తెలియకపోతే మనిషి సంచి నిండా ఉప్పు పొట్లాలు పెట్టుకుని వెళ్లి, పాదాన్ని మాత్రం అదే వంపులో ఉంచి ఈదుతాడు. పిక్క మళ్లీ పట్టేస్తుంది.

ఫ్రీస్టయిల్ ఈతలో పాదం వెనక్కి చాచి ఉంటుంది. బొటనవేలు తోక కొనలా వెనక్కి చూస్తుంటే నీరు తక్కువగా అడ్డుపడుతుంది, కాబట్టి శిక్షకులు అలాగే నేర్పుతారు. పాదాన్ని అలా చాచి ఉంచే పని పిక్క కండరానిది, అరికాలి చిన్న కండరాలది. చాచిన పాదంలో ఈ కండరాలన్నీ తమ పొడవులో అతి తక్కువ స్థితికి కుదించుకుని ఉంటాయి. కుదించుకున్న కండరం చేత మళ్లీ మళ్లీ పని చేయిస్తే పట్టేసే అవకాశం ఎక్కువ. నిద్రలో దుప్పటి బరువుకు పాదం కిందికి వాలి ఉన్నప్పుడు, ఒళ్లు విరుచుకోబోయి కాలు చాచగానే పిక్క పట్టేయడం చాలామందికి అనుభవమే. సముద్రంలో జరిగేదీ ఆ జాతిదే. అక్కడ అలసట తోడవుతుంది.

కండరంలో రెండు రకాల కాపలా వ్యవస్థలు ఉన్నాయి. కండర తంతువుల మధ్య ఉండే సూక్ష్మ గ్రాహకాలు అది సాగినప్పుడు వెన్నుపాముకు కబురు పంపి, ‘బిగించు’ అనే ఆజ్ఞ తెస్తాయి. కండరం ఎముకను అంటిపెట్టుకునే స్నాయువులో ఉండే గ్రాహకాలు అక్కడ లాగుడు పెరిగినప్పుడు ‘వదులు చెయ్యి’ అని చెబుతాయి. కండరం తాజాగా ఉన్నంత సేపు ఈ రెండింటి మధ్య పొత్తు కుదురుతుంది. అలసిన కొద్దీ బిగించమనే సంకేతాలు పెరుగుతాయి, వదలమనేవి తగ్గుతాయి. పైగా కండరం కుదించుకుని ఉంటే స్నాయువు మీద లాగుడే ఉండదు, వదలమని చెప్పే గ్రాహకం దాదాపు మౌనంగా ఉంటుంది. అప్పుడు చిన్న తన్ను చాలు, నరాలు ఆగకుండా ఆజ్ఞలు పంపుతూ పోతాయి. దక్షిణాఫ్రికాకు చెందిన క్రీడా వైద్యుడు మార్టిన్ ష్వెల్నస్, ఆయన సహచరులు 1997లో ముందుకు తెచ్చిన ఈ వివరణను ఇప్పుడు క్రీడా వైద్యంలో చాలామంది అంగీకరిస్తున్నారు.

మరి ఉప్పు మాట ఎక్కడి నుంచి వచ్చింది? వేడిలో చెమటోడ్చే కూలీల నుంచి. 1920లలో బ్రిటన్ బొగ్గు గనుల్లో, 1930లలో అమెరికాలోని హూవర్ డ్యామ్ పనుల్లో కూలీలకు ఒళ్లంతా కొంకర్లు పోయేవి. ఉప్పు కలిపిన నీళ్లు ఇస్తే తగ్గేవి. ఆ పరిశీలన తప్పు కాదు. నెల్లూరు తీరంలో ఇసకపల్లి ఉప్పు మడుల్లో వేసవి ఎండలో పనిచేసేవారికి అది ఈనాటికీ వర్తిస్తుంది. అయితే అక్కడ లవణం ఒంటి మొత్తంలో తగ్గుతుంది కాబట్టి కాళ్లు, చేతులు, పొట్ట అన్నీ బాధపడతాయి. ఈతగాడికి పట్టేసేది సాధారణంగా ఒకే పిక్క, అదీ ఎక్కువగా పనిచేసినదే. రక్తంలో లవణం తగ్గడమే కారణమైతే అది కుడి పిక్కను ఎంచుకుని ఎడమ పిక్కను వదిలిపెట్టదు. కండరాన్ని సాగదీసినంత మాత్రాన అర నిమిషంలో నొప్పి పోకూడదు కూడా, ఎందుకంటే సాగదీస్తే ఒంట్లోకి ఉప్పు రాదు. ష్వెల్నస్ బృందం ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి సాగే ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్‌లో పాల్గొన్న రెండు వందల మందికి పైగా క్రీడాకారులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించింది. కండరాలు పట్టేసినవారికీ పట్టేయనివారికీ మధ్య నీటి లోటులో గానీ, లవణాల్లో గానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. తేడా రెండు చోట్ల కనిపించింది: పట్టేసినవారు మిగతావారి కంటే ఎక్కువ వేగంతో పోయారు, వారికి ఇంతకు ముందు కూడా కండరాలు పట్టేసిన చరిత్ర ఉంది.

అలాగని బంగాళాఖాతంలో ఈదేవారు ఉప్పును, నీటిని పక్కన పెట్టకూడదు. జలసంధులను దాటే చానల్ ఈతల గురించి వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం చలినీటి దేశాలవి. ఇంగ్లిష్ చానల్‌లో వేసవిలోనూ నీరు 15 నుంచి 18 డిగ్రీల మధ్యే ఉంటుంది, అక్కడ భయం చలి. ఇక్కడ భయం వేడి. డిసెంబరు, జనవరి నెలల్లో సైతం ఈ తీరంలో నీరు 26 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, ఏప్రిల్, మే నాటికి 29, 30 డిగ్రీలకు చేరుతుంది. ఆ నీటిలో గట్టిగా ఈదే మనిషికి చెమట పడుతుంది. నీటిలో ఉన్నందున అది తెలియదు, ఆరదు, ఒంటిని చల్లబరచదు. 2010 అక్టోబరు 23న యూఏఈలోని ఫుజైరా వద్ద వెచ్చని సముద్రంలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ తరువాతే అంతర్జాతీయ ఈత సమాఖ్య నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటితే పోటీ జరపకూడదన్న పరిమితి పెట్టింది. మే నెల మధ్యాహ్నపు బంగాళాఖాతం ఆ గీతకు ఎంతో దూరంలో ఉండదు. కాబట్టి వేసవిలో ఈత తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. కండరం పట్టేస్తుందన్న భయం కంటే వడదెబ్బ భయమే ఇందుకు పెద్ద కారణం.

తాగే నీటి విషయంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, కొబ్బరినీళ్లు ఉంటే చాలనుకోవడం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. చిటికెడు ఉప్పు కలపని కొబ్బరినీళ్లు ఈ లోటును పూడ్చవు. అరటిపండు సంగతీ అంతే: అది మంచి ఆహారం, పిక్కకు మందు కాదు. రెండోది, మంచినీళ్లు అతిగా తాగడం. చెమటలో పోయిన దానికి మించి ఉత్త నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, మగత వస్తాయి, ముదిరితే ప్రాణాపాయం. మందుల దుకాణాల్లో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం ఇక్కడ నమ్మదగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, పొటాషియం క్లోరైడు, సిట్రేటు ఉంటాయి. అది విరేచనాల కోసం తయారైన మోతాదు. ఈతలో దాన్ని, గంజిని, పలచటి ఉప్పు మజ్జిగను మార్చి మార్చి ఇవ్వవచ్చు. మజ్జిగ మాత్రం ఎండలో పడవ మీద త్వరగా పులుస్తుంది, చల్లటి డబ్బాలో పెట్టాలి. అరగంటకు ఒకసారి కొద్దికొద్దిగా ఇవ్వడం దూరపు ఈతలో వాడుకలో ఉన్న పద్ధతి.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో, కాలికి నేల అందని చోట పిక్క పట్టేసింది. మొదట చేయవలసింది ఈత ఆపి వెల్లకిలా తిరగడం. ముఖం నీళ్లలో ఉండగా నొప్పి వస్తే మనిషి కాలిని పట్టుకోవడానికి ముడుచుకుంటాడు, నోట్లోకి నీరు పోతుంది, దగ్గు వస్తుంది, భయం మొదలవుతుంది. ఆ భయమే ప్రమాదం. ఒక కాలు పనిచేయకపోయినంత మాత్రాన మనిషి మునగడు. సముద్రపు నీరు చెరువు నీటి కంటే బరువైనది కనుక తేలడం మరింత సులువు. రొమ్ము నిండా గాలి పీల్చి, అరచేతులను నడుము పక్కన నెమ్మదిగా ఆడిస్తే చాలు. అలలు వచ్చే వైపుకు తల పెట్టకుండా, పాదాలు పెట్టి లేదా పక్కకు తిరిగి తేలాలి. వీలున్న క్షణంలో ఒక చెయ్యి పైకెత్తి పడవకు తెలియజేయాలి.

తరువాత పట్టేసిన కండరాన్ని దాని పనికి వ్యతిరేక దిశలో సాగదీయాలి. పిక్క అయితే మోకాలు తిన్నగా ఉంచి, కాలి వేళ్లను ముఖం వైపుకు లాక్కోవాలి. చేత్తో వేళ్లు పట్టుకుని లాగడం అందరూ చెప్పేదే. కానీ మోకాలు వంచకుండా వేళ్లు అందుకోవడం నీళ్లలో చాలామందికి సాధ్యం కాదు, ఆ ప్రయత్నంలో నడుము మునుగుతుంది. అంతకంటే ముందు చేయదగిన పని ఒకటుంది: చేతులను తేలడానికే వదిలి, కాలి ముందు భాగంలోని కండరాన్ని బిగించి పాదాన్ని పైకి వంచడం. ముందు కండరం బిగిస్తే దానికి ఎదురుగా ఉన్న పిక్కను వదులు చేయమని వెన్నుపాము నుంచి ఆజ్ఞ పోతుంది. దీనికి చేతులు అక్కర్లేదు. నొప్పి తగ్గకపోతేనే చేత్తో లాగాలి. అరికాలు ముడుచుకుంటే మోకాలు వంచవచ్చు కాబట్టి పని సులువు: ఒక చేత్తో వేళ్లను వెనక్కి వంచి, బొటనవేలి మొదలు నుంచి మడమ దాకా అరికాలిని నొక్కాలి. తొడ వెనుక భాగం పట్టేస్తే వెల్లకిలా ఉండి మోకాలు తిన్నగా చాపి మడమను పైకి లేపాలి. తొడ ముందు భాగమైతే మడమను పిరుదు వైపుకు లాగాలి.

ఎంతసేపు? నొప్పి తగ్గగానే వదిలేయడం దాదాపు అందరూ చేసే పని, అందుకే రెండో నిమిషంలో మళ్లీ పట్టేస్తుంది. చర్మం కింద కండరం అదిరే కదలిక పూర్తిగా ఆగే వరకు, అంటే ఇరవై ముప్పై సెకన్లయినా సాగదీసి ఉంచి, నెమ్మదిగా వదలాలి. ఒకసారి పట్టేసిన కండరం ఆ తరువాత చాలాసేపు ఉలికిపాటుతోనే ఉంటుంది. దానితో గట్టిగా తన్నించకూడదు. చేతులతోనే ముందుకు సాగుతూ కాళ్లను వెనుక వదులుగా ఈడ్చుకుపోవాలి.

ఇక్కడే నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఈత నేర్చుకున్నవారికి ఒక మేలు ఉంది. దిగుడు బావిలో, చెరువులో, పంట కాలువలో నడుముకు బెండు కట్టుకుని దిగిన పిల్లలకు మొదట వచ్చేది తల పైకెత్తి చేసే కప్ప ఈత. అందులో పాదం వెనక్కి చాచి ఉండదు. మడమలు పిరుదుల వైపుకు వచ్చి, పాదం పైకి వంగి, నీటిని పక్కలకు తోస్తుంది. అంటే ఫ్రీస్టయిల్‌లో కుదించుకుని ఉన్న పిక్క కప్ప ఈతలో ప్రతి తన్నుకీ సాగుతుంది. తరువాత ఊరు వదిలి పట్నంలో ఈతకొలనులో ఫ్రీస్టయిల్ నేర్చుకున్నవారు ఈ పాత ఈతను నామోషీగా భావించి వదిలేస్తారు. అది తప్పు. పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి పది పన్నెండు తన్నులు కప్ప ఈతలో వేస్తే వేగంలో పోయేది స్వల్పం, పిక్కకు దక్కే విశ్రాంతి చాలా ఎక్కువ. పడవ ఎక్కడ ఉందో, ఒడ్డు ఎటు ఉందో తలెత్తి చూసుకోవడమూ అదే సమయంలో అయిపోతుంది. గజ్జల్లో పాత నొప్పి ఉన్నవారు మాత్రం దీన్ని తక్కువగా వాడాలి, ఎందుకంటే ఈ ఈత తొడ లోపలి కండరాల మీద భారం వేస్తుంది.

ఫ్రీస్టయిల్‌లోనూ కాళ్ల పని తగ్గించవచ్చు. చేతుల ఒక పూర్తి చుట్టుకు ఆరు తన్నులు వేసే పద్ధతి పొట్టి పందేలకు పనికొస్తుంది. గంటల ఈతలో రెండు తన్నులు చాలు. పాదాన్ని చాచడానికి బలవంతం చేయడమే పెద్ద తప్పు. మడమ కీలు బిగుసుగా ఉన్నవారు, ముఖ్యంగా పరుగు నుంచి ఈతకు వచ్చినవారు, పాదం తనంతట తాను చాచుకోకపోవడం వల్ల కండర బలంతో దాన్ని పట్టి ఉంచుతారు. అరికాలు ముందుగా కొంకర్లు పోయేది వీరికే. రోజూ ఇంట్లో మోకాళ్ల మీద మడమలపై కూర్చుని పాదం పైభాగాన్ని నేలకు ఆనించి కాసేపు ఉండటం అలవాటు చేసుకుంటే మడమ కీలు మెల్లగా వదులవుతుంది. మెట్టు అంచున ముని వేళ్లపై నిలబడి మడమలను పైకి కిందికి కదిపే వ్యాయామం పిక్కకు బలం ఇస్తుంది. కిందికి దించేటప్పుడు నెమ్మదిగా దించాలి. పిక్క సాగుతూ బలపడేది ఆ దించడంలోనే.

తీరం నడతను బట్టి కూడా కాళ్ల మీద భారం మారుతుంది. తూర్పు తీరం వెంబడి ప్రవాహం సాధారణంగా ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. ఒడ్డుకు దగ్గరలో గాలి, అలలు దీన్ని అటూ ఇటూ మారుస్తాయి కనుక ఆ రోజు నీటి పోకడను స్థానిక మత్స్యకారులను అడిగి తెలుసుకోవడమే మేలు. ప్రవాహానికి ఎదురు ఈదుతున్నానని తెలియనివాడు ఒడ్డు కదలడం లేదని కంగారుపడి కాళ్లు గట్టిగా ఆడిస్తాడు, అరగంటలో పిక్క పట్టేస్తుంది. విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా తీరం వెంబడి సుమారు 150 కిలోమీటర్ల దూరాన్ని గోలి శ్యామల 2024 డిసెంబరు చివర, 2025 జనవరి మొదటి వారంలో రోజులవారీగా ఈది పూర్తి చేశారు. తీరం వెంట ఇలాంటి ఈతలు ఇకపై ఈ జిల్లాల్లోనూ పెరుగుతాయి. ప్రణాళిక వేసేవారు దూరాన్ని మాత్రమే చూడకుండా ప్రవాహం దిశనూ చూడాలి.

ఈత చివర ఇంకో చిక్కు ఉంది. గంటల తరబడి చాచి ఉన్న పాదం, ఒడ్డు చేరగానే ఒక్కసారిగా ఇసుక మీద ఆని శరీర బరువంతా మోయాల్సి వస్తుంది. నడుము లోతు నీటిలో అల తోస్తుండగా నిలబడబోయి పిక్క పట్టేసి పడిపోయినవారు, వెనుక అల మీద పడి ఉక్కిరిబిక్కిరి అవుతారు. చివరి రెండు మూడు వందల మీటర్లు కప్ప ఈతలో వచ్చి, పాదాలను పైకి కిందికి ఆడించి, చేతులు నేలను తాకేంత లోతు వరకు ఈదుతూనే వచ్చి అప్పుడు లేవడం మంచిది.

కొంకర్లకు ఊరగాయ రసం పనిచేస్తుందా అని చాలామంది అడుగుతారు. 2010లో అమెరికా పరిశోధకుడు కెవిన్ మిల్లర్ బృందం కొందరి బొటనవేలి కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించి కొంకర్లు తెప్పించి, దోసకాయ ఊరగాయ నీటిని కొద్దిగా తాగించింది. మంచినీళ్లు తాగినప్పటి కంటే దాదాపు 49 సెకన్లు ముందే కొంకర్లు తగ్గాయి. తాగినది పేగుల నుంచి రక్తంలోకి చేరడానికి ఆ కాస్త సమయం చాలదు. అంటే పనిచేసింది ఉప్పు కాదు, గొంతులో తగిలిన ఘాటు. ఆ ఘాటుకు నరాలు స్పందించి వెన్నుపాములోని అతి ఉద్రేకాన్ని తగ్గిస్తాయని భావన. రసాయన శాస్త్రంలో 2003 నోబెల్ అందుకున్న రోడ్ మెకిన్నన్, నాడీ శాస్త్రవేత్త బ్రూస్ బీన్ సముద్రంలో కయాక్ నడుపుతూ తామే కొంకర్ల బారిన పడ్డాక, ఈ దారిలోనే ఆలోచించి అల్లం, దాల్చినచెక్క, మిరప సారం కలిసిన పానీయం తయారు చేశారు. గూడూరు నిమ్మకాయల ఊరగాయ ఊట చెంచాడు పడవలో ఉంచుకోవడంలో తప్పు లేదు. అయితే దోసకాయ రసం మీద వచ్చిన ఫలితాన్ని దానికి యథాతథంగా అంటగట్టకూడదు. ముందు ఒడ్డున, తరువాత చిన్న ఈతలో రుచి చూసి, గొంతు మండి దగ్గు రావడం లేదని నిర్ధారించుకున్నాకే వాడాలి. అలల మధ్య దగ్గు పిక్క నొప్పి కంటే చెడ్డది. మెగ్నీషియం మాత్రల గురించి జరిగిన పరిశోధనల సమీక్షలు ఆశపెట్టే ఫలితాలు చూపలేదు. మలేరియా మందు క్వినైన్‌ను కాళ్ల కొంకర్ల కోసం వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది, దాని దుష్ఫలితాలు గుండెకూ రక్తానికీ చుట్టుకుంటాయి.

పడవలో ఉన్నవారికి కూడా పని ఉంది. చానల్ ఈతల సంప్రదాయ నియమాల ప్రకారం ఈతగాడు పడవను గానీ, మనిషిని గానీ తాకితే ఈత చెల్లదు. ఆహారం కర్రకు కట్టిన గిన్నెలో లేదా తాడుకు కట్టిన సీసాలో అందిస్తారు. పిక్క పట్టేసినా తనకు తానే సాగదీసుకోవాలి. రికార్డు కోసం చేసే ఈతలో ఈ నియమం సరే. సాధనలో దాన్ని పాటించడం అనవసరపు సాహసం. సాధన రోజున తేలే వస్తువు ఒకటి నడుముకు కట్టుకుని ఉండాలి, నొప్పి రాగానే దాన్ని పట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవలకు చేపల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో సముద్రం మీద దారిన పోయే పడవలు తక్కువ, అనుకోని సాయం దొరకదు. తోడు పడవ లేకుండా ఆ నెలల్లో అలలు దాటి వెళ్లకూడదు.

కాలి నొప్పులన్నీ ఈ కోవకే చెందవు. జెల్లీఫిష్ తాకితే గీతల్లా ఎర్రటి వాతలతో మంట ఉంటుంది, కండరం గట్టిపడదు. ఈత అయిన మరునాడు ఒకే పిక్క వాచి, వేడిగా ఉండి, నొప్పి పెరుగుతూ పోతే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని మర్దనా చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే కండర కణజాలం చితికి మూత్రపిండాల మీద భారం పడుతోందని అర్థం. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వేసుకునేవారు, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్లు వాడేవారు తరచూ పిక్కలు పట్టేస్తుంటే సాధనకు ముందే వైద్యుడికి చెప్పాలి.

ఈత ఎప్పుడు ఆపాలన్నది నీళ్లలోకి దిగకముందే పడవలోని వారితో కలిసి నిర్ణయించుకోవాలి, ఎందుకంటే మధ్యలో ఆ నిర్ణయాన్ని ఈతగాడికి వదిలితే అతను ఆపడు. ఒకే పిక్క ఒకసారి పట్టేసి సర్దుకుంటే కొనసాగవచ్చు. గంటలోపు మూడోసారి పట్టేసినా, రెండు కాళ్లూ ఒకేసారి పట్టేసినా, కాళ్లతో పాటు చేతులకో పొట్టకో కొంకర్లు పాకినా, అడిగిన ప్రశ్నకు జవాబు తడబడినా పడవలోకి ఎక్కించాలి. చివరి రెండు సందర్భాల్లో అది పాదం వంపు సమస్య కాదు, ఒంట్లో లవణమో వేడో హద్దు దాటిందని అర్థం. నీడలో పడుకోబెట్టి, తల, మెడ, చంకలు చల్లటి నీటితో తడుపుతూ, స్పృహలో ఉంటేనే ఓఆర్‌ఎస్ గుటకగుటకగా తాగిస్తూ, 108కి ఫోను చేసి పడవను దగ్గరి రేవుకు తిప్పాలి.